తొలినాటి అమెరికా బంగారు నాణెం ఒక్కటే కొనాలంటే ఏది కొనాలి?

పాత నాణేల మీద ఇష్టం ఉన్న మనవాళ్లు, ముఖ్యంగా అమెరికాలో స్థిరపడినవాళ్లు, నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. "పది నాణేలు కొనే స్తోమత లేదు. ఒక్కటే కొంటాను, పిల్లలకి ఇచ్చి వెళ్తాను. ఏది కొనమంటారు?"

కొట్టుకి వెళ్తే సాధారణంగా ముందు చూపించేది ఇరవై డాలర్ల పెద్ద నాణెం. చేతిలో పెట్టగానే బరువుకే మనసు లాగేస్తుంది. మంచి నాణెమే, కాదనను. కానీ అది తొలినాటిది కాదు. ప్రజలకి అది చేరడం మొదలైంది 1850లో. అప్పటికి అమెరికా సొంత బంగారు నాణేలు కొట్టడం మొదలుపెట్టి దాదాపు 55 ఏళ్లయింది. ఆ 55 ఏళ్లలోనే అసలు కథంతా ఉంది. కొత్తగా పుట్టిన దేశం, మొదట్లో గనులు లేవు, ఖజానాలో బంగారం లేదు, ఉన్న కాస్త బంగారం కూడా నాణెంగా మారగానే ఓడెక్కి వెళ్లిపోయేది.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. చాలామందికి సరైనది 1834 నుంచి 1838 వరకు కొట్టిన అయిదు డాలర్ల నాణెం. దాన్ని క్లాసిక్ హెడ్ హాఫ్ ఈగిల్ అంటారు. అంతకంటే చాలా ఎక్కువ ఖర్చు పెట్టగలిగితే 1807–1812 నాటి హాఫ్ ఈగిల్ చూడండి. మిగతా రకాలు ఎవరికి సరిపోతాయో, ఎవరికి సరిపోవో కింద చెబుతాను. ఈ ఎంపికకి కారణం నాణేల అందం కాదు. ఏ నాణెం ఎందుకు మిగిలింది, ఏది ఎందుకు కరిగిపోయింది అన్న లెక్క ఉంది, అదీ కారణం.

చట్టం వచ్చింది, బంగారం రాలేదు

1792 ఏప్రిల్ 2న అమెరికా కాంగ్రెస్ నాణేల చట్టం చేసింది. ఫిలడెల్ఫియాలో టంకశాల పెట్టమంది. పది డాలర్ల నాణేనికి ఈగిల్ అని పేరు పెట్టింది. అందులో సగం హాఫ్ ఈగిల్, అంటే అయిదు డాలర్లు. పావు వంతు క్వార్టర్ ఈగిల్, రెండున్నర డాలర్లు. బంగారం నాణ్యత 22 క్యారెట్లు, మన నగల బంగారమే. ఈగిల్ 17.5 గ్రాములు, హాఫ్ ఈగిల్ 8.75 గ్రాములు, క్వార్టర్ ఈగిల్ 4.37 గ్రాములు.

మన ఇళ్లలో కాసులపేరు తెలిసినవాళ్లకి ఈ బరువు వెంటనే అర్థమవుతుంది. బ్రిటిష్ సవరన్ దాదాపు 8 గ్రాములు, అదీ 22 క్యారెట్లే. పాత హాఫ్ ఈగిల్ దానికంటే ముప్పాతిక గ్రాము ఎక్కువ. నేను మొదటిసారి పాత హాఫ్ ఈగిల్ చేతిలోకి తీసుకున్నప్పుడు అమ్మ కాసులపేరులోని కాసే గుర్తొచ్చింది. బొమ్మ వేరు, వేళ్ల మధ్య ఆ బరువు మాత్రం చిన్నప్పటి నుంచీ తెలిసిందే.

ఇంకో చిన్న సంగతి చెప్పకుండా ఉండలేను. అమెరికాకి సొంత నాణేలు లేని 1789లో, దిగుమతి సుంకాలు లెక్కగట్టడానికి ఏ దేశపు డబ్బు ఎన్ని డాలర్లకి సమానమో చట్టంలోనే రాశారు. ఆ జాబితాలో భారతదేశపు పగోడా ఉంది, ఒక డాలరు 94 సెంట్లకి. పగోడా అంటే మన వరహా. అమెరికా తన సొంత బంగారు నాణెం కొట్టుకోడానికి ఆరేళ్ల ముందే ఆ దేశపు చట్టంలో వరహాకి వెల కట్టారన్నమాట.

1792లో చట్టం వచ్చినా బంగారు నాణెం రావడానికి మూడేళ్లు పట్టింది. కారణం విచిత్రంగా ఉంటుంది. బంగారం, వెండి ముట్టుకునే అధికారులు ఒక్కొక్కరు 10,000 డాలర్ల పూచీ కట్టాలని చట్టం పెట్టారు. టంకశాలలో పనిచేసే మనిషి అంత సొమ్ముకి పూచీ ఎక్కడ తెస్తాడు? అందుకే 1793లో రాగి నాణేలు మాత్రమే వచ్చాయి. 1794లో ఆ మొత్తం తగ్గించాక వెండి నాణేలు మొదలయ్యాయి. బంగారం వంతు 1795లో వచ్చింది. ఆ ఏడాది జులై 31న మొదటి హాఫ్ ఈగిల్స్ 744 బయటికి వచ్చాయి. సెప్టెంబరులో ఈగిల్స్ వచ్చాయి. అప్పట్లో టంకశాల బంగారం కొనేది కాదు. వర్తకులో, బ్యాంకులో కడ్డీలో విదేశీ నాణేలో తెచ్చి ఇస్తే నాణేలుగా కొట్టి తిరిగి ఇచ్చేది. కాబట్టి ఏ నాణెం కొట్టాలన్నది బంగారం తెచ్చినవాళ్ల అవసరాన్ని బట్టే ఉండేది. వాళ్లు ఎక్కువగా అడిగింది హాఫ్ ఈగిల్. ఈ రోజు మనకి దొరికే పాత నాణేల్లో హాఫ్ ఈగిల్సే ఎక్కువ ఉండటానికి మూలం ఇక్కడుంది.

1795–1807: మొదటి తరం

రాబర్ట్ స్కాట్ చెక్కిన అచ్చులివి. ముందువైపు ఎత్తైన టోపీ పెట్టుకున్న స్వేచ్ఛాదేవి కుడివైపు చూస్తుంటుంది, పైన లిబర్టీ అన్న అక్షరాలు, పక్కన నక్షత్రాలు. 1795 నాణేల మీద నక్షత్రాలు 15. అప్పటికి రాష్ట్రాలు అన్నే. టెన్నెసీ చేరాక 16 వేశారు, రాష్ట్రం చేరినప్పుడల్లా పెంచుకుంటూ పోతే చోటు చాలదని తెలిసి తర్వాత 13 దగ్గర ఆపేశారు. వెనకవైపు మొదట్లో నోట్లో దండ పట్టుకుని తాటి మట్ట మీద నిలబడిన చిన్న గద్ద. తర్వాత ఆ చోటులో రాజముద్రలోని గద్ద, ఛాతీ మీద డాలుతో. నాణెం మీద ఎక్కడా విలువ ఉండదు. అయిదు డాలర్లని రాయలేదు. బరువే విలువ, అది అందరికీ తెలుసు.

ఈ తరం నాణెం కొనేవాళ్లు భూతద్దం కింద ఒకటి తప్పకుండా చూడాలి. కొన్ని నాణేల మీద, ముఖ్యంగా అంచు దగ్గరో జుట్టు మీదో, పక్కపక్కనే సన్నటి సమాంతర గీతలు ఉంటాయి. మొదటిసారి చూస్తే ఎవరో గీకేశారనిపిస్తుంది. అవి ఆకురాయి గీతలు. అచ్చు కొట్టకముందు బిళ్లని తూకం వేసేవాళ్లు. బరువు ఎక్కువుంటే ఆకురాయితో రుద్ది సరిచేసేవాళ్లు. తక్కువుంటే మళ్లీ కరిగించేవాళ్లు. తర్వాత చేత్తో తిప్పే స్క్రూ ప్రెస్ కింద పెట్టి అచ్చు కొడితే, లోతైన గీతలు పూర్తిగా చెరిగిపోకుండా మిగిలేవి. దీపం కిందికి నాణెం వంచి చూస్తే తేడా తెలుస్తుంది. ఆకురాయి గీత మీదుగా నక్షత్రం అంచు, అక్షరం అంచు నునుపుగా సాగిపోతాయి, ఎందుకంటే గీత ముందు పడింది, బొమ్మ తర్వాత పడింది. తర్వాత ఎవరో గీకిన గీత అయితే ఎత్తైన బొమ్మనే కోస్తుంది, కొత్త లోహం అక్కడ మెరుస్తుంది. ఆకురాయి గీతలున్నాయని నాణెం వదిలేయకండి. 1799లో ఫిలడెల్ఫియాలో ఒక పనివాడు చేతిలో పట్టుకుని రుద్దిన గుర్తు అది. నాకైతే బొమ్మ కంటే ఆ గీతలే ఎక్కువ ఇష్టం. ముఖం మీదుగా అడ్డంగా లోతుగా ఉంటే మాత్రం ధర తగ్గించి అడగండి, అది న్యాయమే.

ధర సంగతి. 1795 నాటి చిన్న గద్ద హాఫ్ ఈగిల్ మొదటి ఏడాది నాణెం కాబట్టి అందరూ అదే కావాలంటారు. మామూలు ఉద్యోగి దాన్ని మర్చిపోవడం మంచిది. 1798 చిన్న గద్ద అయితే ప్రపంచంలో పదికి లోపే ఉన్నాయి. ఈ తరంలో అందుబాటులో ఉన్నవి డాలు గద్ద ఉన్న హాఫ్ ఈగిల్స్, 1800ల తొలి ఏళ్లవి. అవి కూడా కొన్ని వేల డాలర్ల కిందికి రావు.

పది డాలర్ల ఈగిల్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది మనసు దాని మీదే పడుతుంది. 33 మిల్లీమీటర్ల వెడల్పు, పలచగా, రాజసంగా ఉంటుంది. 1795 నుంచి 1804 వరకు అన్నీ కలిపి లక్షా ముప్పై రెండు వేలే కొట్టారు. దొరికేవాటిలో 1799, 1801 కాస్త సులువు. కానీ ఒక హాఫ్ ఈగిల్ ధరకి రెండింతలో అంతకన్నా ఎక్కువో పెట్టి, అదే కథని కొనుక్కుంటున్నారు. తొలినాటి నాణేలు ఇప్పటికే ఒకటి రెండు ఉన్నవాళ్లకి ఈగిల్ తగిన నాణెం. ఒక్కటే కొనేవాళ్లకి కాదని నా అభిప్రాయం.

క్వార్టర్ ఈగిల్ ఇంకా కష్టం. 1796లో నక్షత్రాలు లేకుండా కొట్టినవి 963. 1808లో కొట్టినవి 2,710, ఆ బొమ్మతో ఇంకే ఏడాదీ రాలేదు. 1809 నుంచి 1820 దాకా అసలు కొట్టనే లేదు. కోరి వెతికేవాళ్ల సరుకు అది. మొదటి కొనుగోలుకి కాదు.

ఎందుకు కరిగిపోయాయి

ఇప్పుడు అసలు లెక్క. 1792 చట్టం ఒక తూకం బంగారం 15 తూకాల వెండికి సమానం అంది. ఆ రోజుల్లో అది సబబే. కానీ 1803లో ఫ్రాన్స్ తన లెక్కని 15.5గా పెట్టింది. మీరు వర్తకులనుకోండి. ఫిలడెల్ఫియాలో 15 పౌండ్ల వెండి డాలర్లు ఇచ్చి ఒక పౌండు బంగారం ఉన్న నాణేలు తీసుకుంటారు. వాటిని ఓడలో పంపి పారిస్‌లో మారిస్తే పదిహేనున్నర పౌండ్ల వెండి వస్తుంది. ఓడ ఖర్చులు పోను మిగిలేది తక్కువే అయినా, పెట్టెలకి పెట్టెలు పంపితే మంచి లాభం. మనిషి అన్నాక లాభం వదులుకోడు. కొట్టిన బంగారు నాణెం కొట్టినట్టే దేశం దాటింది, అక్కడ మూసలోకి వెళ్లింది.

పెద్ద నాణెం అయితే పంపడం మరీ సులువు. అందుకే 1804తో ఈగిల్ ఆపేశారు. మళ్లీ 1838 దాకా మామూలు వాడకానికి పది డాలర్ల నాణెం రాలేదు. హాఫ్ ఈగిల్ మాత్రం కొడుతూనే వచ్చారు. బ్యాంకులు వాటిని నిల్వ కింద ఉంచుకునేవి, వర్తకులు విదేశీ బాకీలు తీర్చేవాళ్లు. వీధిలో కూరలు కొనేవాడి చేతికి అవి ఎన్నడూ చేరలేదనే చెప్పాలి. అతని జేబులో ఉన్నవి స్పానిష్ వెండి డాలర్లు, వాటి ముక్కలు, బ్యాంకు కాగితాలు.

ఈ లెక్క తెలిశాక ధరలు వాటంతట అవే అర్థమవుతాయి. ఏ ఏడాది ఎన్ని కొట్టారన్న అంకె చూసి కొనకండి. ఎన్ని మిగిలాయన్నదే అంకె. దీనికి 1822 హాఫ్ ఈగిల్ కంటే గట్టి ఉదాహరణ లేదు. రికార్డుల్లో 17,796 కొట్టినట్టు ఉంది. ఈ రోజు భూమ్మీద తెలిసినవి మూడు. రెండు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ దగ్గరున్నాయి, అవి అమ్మకానికి రావు. మూడోది 2021 వేలంలో 84 లక్షల డాలర్లు పలికింది.

1807–1812, 1813–1834: రెండింటికీ పోలికే లేదు

1807లో జాన్ రైక్ కొత్త బొమ్మ చెక్కాడు. జర్మనీ నుంచి వచ్చిన చెక్కడపు పనివాడు. అమ్మవారు ఇప్పుడు ఎడమవైపు తిరిగింది, టోపీ చిన్నదైంది, భుజం దాకా బట్ట కనిపిస్తుంది. వెనక గద్ద కింద మొదటిసారి 5 డి అని విలువ రాశారు. పని శుభ్రంగా ఉంటుంది, బొమ్మ పూర్తిగా పడిన నాణేలు స్కాట్ కాలం కంటే ఎక్కువ దొరుకుతాయి. 1810లో లక్షకు పైగా కొట్టారు, 1811లో దాదాపు లక్ష. అందుకే తొలి 22 క్యారెట్ల ప్రమాణంతో, 8.75 గ్రాముల అసలు బరువుతో నాణెం కావాలనుకుంటే నేను వెతకమనేది ఇక్కడే. 1810, 1811, 1812 ఏళ్లలో ఏదైనా సరే. సంవత్సరం కోసం పట్టుబట్టకండి, నాణెం చూసి ఎంచుకోండి.

1813లో బొమ్మ మళ్లీ మార్చి తల మాత్రమే ఉంచారు, చుట్టూ నక్షత్రాలు. ఈ రకం నాణేల జాబితా పుస్తకాల్లో 1834 దాకా ఉంటుంది. కానీ కొనేవాళ్లకి ఇది వేరే ప్రపంచం. 1813, 1818, 1820 నాణేలు డబ్బు పెడితే దొరుకుతాయి. 1815లో 635 మాత్రమే కొట్టారు. 1820లు వచ్చేసరికి బ్రిటన్ బంగారం ప్రమాణానికి, అంటే డబ్బు విలువని బంగారానికే కట్టే పద్ధతికి, వెళ్లింది, యూరప్‌లో బంగారానికి గిరాకీ పెరిగింది, అమెరికా హాఫ్ ఈగిల్ విలువ దాని మీది అయిదు డాలర్లని దాటింది. ఆ తర్వాతి ఏళ్లవి కొట్టిన వెంటనే కరిగిపోయాయి. ఈ రకం కావాలంటే 1813 ఒక్కటే సలహా ఇస్తాను. మిగతా ఏళ్లు మ్యూజియంలో చూసి ఆనందించాల్సినవి.

1834: చేతికి అందిన బంగారం

చివరికి కాంగ్రెస్ కళ్లు తెరిచింది. ఆండ్రూ జాక్సన్ అధ్యక్షుడు, బ్యాంకు కాగితాల మీద ఆయనకి నమ్మకం లేదు. మిస్సోరి సెనేటర్ థామస్ హార్ట్ బెంటన్ అయితే కార్మికుడి చేతిలో బంగారం ఉండాలని ఎంతగా వాదించాడంటే, కొత్త నాణేలకి జనం బెంటన్ పేరే తగిలించారు. 1834 జూన్ 28 చట్టం వెండి బంగారాల లెక్కని 16కి మార్చింది. దాని కోసం నాణెంలో బంగారం తగ్గించారు. హాఫ్ ఈగిల్ 8.75 నుంచి 8.36 గ్రాములకి దిగింది, నాణ్యత కూడా 22 క్యారెట్ల నుంచి దాదాపు 90 శాతానికి తగ్గింది. అసలు బంగారం లెక్కలో చూస్తే పాతదాంట్లో 8.02 గ్రాములు, కొత్తదాంట్లో 7.52. పాత నాణెం ఒకటి కరిగిస్తే కొత్త లెక్కలో అయిదు డాలర్ల ముప్పై సెంట్లకి పైగా వస్తుంది. మిగిలిన పాతవి కూడా ఆ ఏడాది వరసపెట్టి మూసలోకి వెళ్లాయంటే ఆశ్చర్యం ఏముంది.

పాతదీ కొత్తదీ చూడగానే తేడా తెలియాలి కదా. విలియం నీస్ కొత్త తల చెక్కాడు. టోపీ తీసేశాడు, ఉంగరాల జుట్టుకి రిబ్బన్ కట్టి దాని మీద లిబర్టీ రాశాడు. వెనకవైపు గద్ద తల మీదుండే లాటిన్ మాట తీసేశారు. అందుకే 1834 నాణెం చేతికొస్తే మొదట వెనక్కి తిప్పి చూడండి. గద్ద పైన లాటిన్ పట్టీ ఉంటే పాత బరువు, చాలా అరుదు, చాలా ఖరీదు. లేకపోతే కొత్త బరువు, క్లాసిక్ హెడ్.

1834లోనే క్లాసిక్ హెడ్ హాఫ్ ఈగిల్స్ ఆరున్నర లక్షలు దాటాయి. 1795లో కొట్టిన హాఫ్ ఈగిల్స్ 8,707 అని గుర్తుపెట్టుకుంటే ఈ అంకె ఎంత పెద్దదో తెలుస్తుంది. ముఖ్యంగా, ఇవి వాడకంలోకి వెళ్లాయి. ఈ నాణేల్లో ఎక్కువ భాగం అరిగి ఉంటాయి, చెవి మీద జుట్టు నునుపుదేలి, చెంప ఎత్తు తగ్గి. ఆ అరుగుదలని లోపం అనుకోను. ముందు నలభై ఏళ్లు ఓడల్లోనూ ఇనప్పెట్టెల్లోనూ తిరిగిన బంగారం, మొదటిసారి జీతం కింద ఇచ్చి పుచ్చుకునే డబ్బుగా మారిన గుర్తు అది. ఒక దేశపు బంగారు నాణెం నిజంగా నాణెం అయింది ఇక్కడే. నేను దీన్ని ముందు పెట్టడానికి కారణం ఇంతే.

ధర కూడా అందే దూరంలోనే ఉంటుంది. మధ్యస్థంగా అరిగిన 1834, 1835, 1836 హాఫ్ ఈగిల్, అందులోని బంగారం ధర మీద కొంత అదనంతో దొరుకుతుంది. మొదటి తరం నాణేల్లా బంగారం ధరకి ఎన్నో రెట్లు పెట్టక్కర్లేదు. ఇదే బొమ్మతో క్వార్టర్ ఈగిల్ కూడా ఉంది, 1834 నుంచి 1839 వరకు. చేతిలో మరీ చిన్నగా ఉంటుంది. కంటి చూపు తగ్గినవాళ్లకి హాఫ్ ఈగిలే నయం.

క్లాసిక్ హెడ్‌లో ఒక విశేషం 1838లో ఉంది. ఆ ఏడాది దక్షిణాన బంగారం దొరికే చోటే మూడు కొత్త టంకశాలల్లో రెండు మొదలయ్యాయి: నార్త్ కరోలినాలో షార్లెట్, జార్జియాలో డలోనెగా. మూడోది న్యూ ఆర్లియన్స్. 1838 హాఫ్ ఈగిల్ మీద తేదీకి పైన సి గానీ డి గానీ చిన్న అక్షరం ఉంటే అది షార్లెట్‌దో డలోనెగాదో. మామూలు 1838 కంటే ధర చాలా ఎక్కువ. అట్లాంటా పక్కన ఆల్ఫరెటా, కమింగ్ ఊళ్లలో ఉన్న తెలుగువాళ్లు శనివారం కారేసుకుని డలోనెగా వెళ్లి రావచ్చు. పాత కోర్టు భవనంలో గోల్డ్ మ్యూజియం ఉంది, అక్కడ కొట్టిన నాణేలు అద్దాల వెనక పెట్టారు. వెళ్లినప్పుడు ఒక సంగతి మరువకండి. ఆ కొండల్లో 1820ల చివర బంగారం బయటపడింది. ఆ నేల చెరోకీ ప్రజలది. డలోనెగా అన్న పేరు కూడా పసుపు రంగుకి వాళ్ల భాషలోని మాట నుంచే వచ్చింది. టంకశాల నాణేలు కొట్టడం మొదలుపెట్టిన 1838లోనే చెరోకీలని సైన్యం ఇళ్లలోంచి వెళ్లగొట్టి పడమటికి నడిపించింది. దారిలో వేలమంది చనిపోయారు. డి అక్షరం ఉన్న నాణెం కొనేవాళ్లు అది కూడా పిల్లలకి చెప్పాలి.

1838–39 నుంచి గోబ్రెక్ట్ చెక్కిన కిరీటం తల వచ్చింది, అది 1900ల తొలి ఏళ్ల దాకా మారలేదు. 1848లో కాలిఫోర్నియా బంగారం దొరికాక ఒక డాలరు నాణెం, ఇరవై డాలర్ల నాణెం వచ్చాయి. మీకు కావలసింది పాత అమెరికన్ నాణెం రూపంలో బంగారం అయితే, అంటే రేపు అవసరానికి అమ్ముకోవాలంటే, 1880ల తర్వాతి గోబ్రెక్ట్ నాణేలు తీసుకోండి. బంగారం ధరకి దగ్గర్లో కొని, దగ్గర్లోనే అమ్ముకోవచ్చు. చరిత్ర కోసం అయితే వెనక్కి, 1834 దగ్గరికే రండి.

నాణెం ముందు పెట్టుకుని చూడాల్సినవి

నేను మొదట కొన్న 1836 హాఫ్ ఈగిల్ తళతళా మెరిసేది. కొట్టాయన కొత్తదానిలా ఉందన్నారు, నేనూ మురిసిపోయాను. ఇంటికొచ్చి కిటికీ దగ్గర తిప్పి చూస్తే ఆ మెరుపు ఒకే తీరుగా ఉంది, పండగ ముందు చింతపండుతో తోమిన ఇత్తడి కుందిలా. భూతద్దం పెడితే అక్షరాల పక్కన వెంట్రుకల్లాంటి సన్నగీతలు. ఎవరో ఎప్పుడో రుద్ది కడిగేశారు. తిరిగి అమ్మబోతే మూడో వంతు తగ్గించి అడిగారు. తోమని పాత బంగారం అలా ఉండదు. ఎత్తైన చోట్ల నిదానంగా, లోతుల్లో కాస్త ముదురుగా, అక్షరాల మూలల్లో పాతకాలపు మురికి నల్లగా ఉంటుంది. పాత మిశ్రమంలో రాగితో పాటు వెండి కూడా కలిపేవాళ్లు కాబట్టి కొన్నిటికి లేత ఆకుపచ్చ ఛాయ వస్తుంది. అది దోషం కాదు.

మనవాళ్లకి బంగారం కొంటే కంసాలి దగ్గర గీటురాయి మీద గీయించి చూడటం అలవాటు. దయచేసి ఈ నాణేలతో ఆ పని చేయకండి. ఒక్క గీతతో సగం ధర పోతుంది. కావలసింది సున్నితమైన తూకం, కొలిచే కాలిపర్. క్లాసిక్ హెడ్ హాఫ్ ఈగిల్ 22.5 మిల్లీమీటర్లు, 1829కి ముందుది 25 మిల్లీమీటర్ల దగ్గర. అరుగుదలకి బరువు కాస్త తగ్గుతుంది, పెరగదు. 8.36 గ్రాములుండాల్సిన నాణెం 8.6 తూగితే అక్కడే లేచి వచ్చేయండి.

మొదటి కొనుగోలు మాత్రం నాణేలు పరీక్షించే సంస్థలు పిసిజిఎస్ గానీ ఎన్‌జిసి గానీ చూసి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసినదే తీసుకోండి. పెట్టె మీది నంబరు వాళ్ల వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి, పెట్టెలకి కూడా నకిలీలు వస్తున్నాయి. నాణెం స్థితిని బట్టి వాళ్లిచ్చే 1 నుంచి 70 దాకా ఉన్న గ్రేడులో ఒక అంకె పైకో కిందికో టెన్షన్ పడక్కర్లేదు. 30, 35, 40 మధ్య ఉన్న, ఎవరూ తోమని నాణెం, 55 వచ్చినా మొహం మీద దెబ్బలున్న నాణెం కంటే మెరుగు.

ఇక కాసులపేరు పెట్టుకునే మనకి బాగా అర్థమయ్యే ఎంపిక ఒకటుంది. పాత రోజుల్లో అమెరికన్లు కూడా ఈ నాణేలకి పైన రింగు టంకం పెట్టి మెళ్లో వేసుకున్నారు. తర్వాత రింగు తీసేసి అంచు సరిచేసినవి, బెజ్జం పూడ్చినవి వస్తుంటాయి. పరీక్షించేవాళ్లు అలాంటివాటికి అంకె ఇవ్వరు, మరమ్మతు ఉందని మాత్రం రాస్తారు. ధర మంచి నాణేనికి సగానికి కూడా దిగుతుంది. అమ్మే ఉద్దేశం లేకుండా, 1807–1812 నాటి అసలు 22 క్యారెట్ల నాణెం ఇంట్లో ఉండాలని గట్టిగా కోరుకునేవాళ్లకి నేను దీన్ని నిండు మనసుతో సిఫార్సు చేస్తాను. ఎవరో తల్లి మెడలో ఉండి మూసలోకి వెళ్లకుండా తప్పించుకున్న నాణెం అది. ఒకటే షరతు, మరమ్మతు సంగతి పెట్టె మీద స్పష్టంగా రాసి ఉండాలి, ధర దానికి తగ్గట్టు ఉండాలి.

ఇండియాకి తెద్దామనుకునేవాళ్లు కొనకముందే రెండు విషయాలు కనుక్కోండి. బంగారం కింద కస్టమ్స్ సుంకం ఎంతో ఒకటి. రెండోది, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది, అలాంటివి ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం కుదరదు. రేపు పిల్లలు అమెరికాలోనే ఉంటారనుకుంటే, నాణేన్ని అక్కడే బ్యాంకు లాకర్లో ఉంచండి. కొన్న రసీదు, పెట్టె మీది నంబరు, రెండు వైపుల ఫోటోలు మాత్రం ఇంట్లో ఒక కాగితాల కవరులో పెట్టి, పిల్లల్లో ఒకరికైనా అది ఎక్కడుందో చెప్పండి.